కాఫీలో కలిపే సారా ఎవరిది?

 ఈసారి పోస్టు కొంచెం పెద్దది. తీరుబడిగా చదవండి. ఒప్పుకోనివాళ్ళు కింద గట్టిగానే రాయండి, మాకేం ఇబ్బంది లేదు.

ఈ మధ్య ఫోన్లలో ఒక రకం వీడియోలు బాగా తిరుగుతున్నాయి. ‘ఇంట్లోనే కాఫీ కాక్‌టెయిల్ చేసుకోండి’ అని. చిక్కటి డికాషన్ తీసి చల్లార్చడం, దాంట్లో ఒక కొలత వోడ్కానో రమ్మో పోయడం, కొంచెం చక్కెర పాకం, గుప్పెడు ఐసు ముక్కలు, మూత బిగించి గిలక్కొట్టడం. గ్లాసులో వంపితే పైన వేలు మందాన నురగ. అంతే పని. మాకైతే ఆ తెల్లటి వంటగది మీద కన్నా ‘ఇంట్లోనే’ అన్న మాట మీద చూపు నిలిచింది. మనవైపు పేపర్ల జిల్లా పేజీలో ఆ మాట ఇంకో రకంగా వస్తుంది గదా. ఫలానా తండాలో ఇంట్లో సారా కాస్తుండగా పట్టుకున్నారు, ఇన్ని లీటర్ల బెల్లం ఊట పారబోశారు, కేసు కట్టారు అని.

షాపులో కొన్న సీసా తెచ్చి ఇంట్లో కలుపుకుంటే సరదా. పువ్వు ఏరుకొచ్చి ఇంట్లో కాచుకుంటే నేరం. ఈ గీత ఎప్పుడు గీశారు, ఎవరు గీశారు అనేదే ఈ పోస్టు. ముందే ఒక మాట: మన రాష్ట్రంలో మద్యం కొనాలంటే 21 నిండాలి. మాకు ఇరవై. కాబట్టి రుచి గురించి మమ్మల్ని అడగొద్దు.

మొదట ఆ గ్లాసు సంగతి. ‘కాఫీ కాక్‌టెయిల్’ అనే పేరు అచ్చులో పాతదే. అమెరికాలో జెర్రీ థామస్ అని పేరుమోసిన బార్ మనిషి ఉండేవాడు. ఆయన పుస్తకం 1887 కూర్పులో ఆ పేరుతో ఒకటుంది. తమాషా ఏందంటే దాంట్లో కాఫీ చుక్క కూడా లేదు. పోర్టు వైను, బ్రాందీ, కోడిగుడ్డు, చక్కెర. చూడ్డానికి కాఫీలా ఉంటుందని ఆ పేరు పెట్టారు. నిజంగా కాఫీ పోసి చేసేవాటిల్లో లోకమంతా తెలిసింది ఐరిష్ కాఫీ. 1943లో ఐర్లండ్‌లోని ఫోయిన్స్‌లో, నీళ్ళ మీద దిగే విమానాల రేవులో, జో షెరిడన్ అనే వంటాయన చలికి వణుకుతున్న ప్రయాణికులకు వేడి కాఫీలో విస్కీ కలిపి పైన మీగడ వేసి ఇచ్చాడని చెబుతారు. వీడియోల్లో చూపించే చల్లటి రకం ఇంకా తర్వాతది. 1980ల్లో లండన్‌లో డిక్ బ్రాడ్‌సెల్ అనే ఆయన వోడ్కాలో ఎస్ప్రెస్సో కలిపి మొదలుపెట్టాడు.

ఐర్లండ్ పేరు వచ్చింది గాబట్టి అక్కడ కొంచెం ఆగాలి. ఆ దేశంలో రైతులు ఇళ్ళల్లో కాచుకునే సారా ఒకటుంది, పొచీన్ అంటారు. వాళ్ళ భాషలో ఆ మాటకు చిన్న కుండ అని అర్థం. చూడండి, మన కుండే. 1661లో ఇంగ్లీషు ప్రభుత్వం సారా మీద పన్ను వేసింది. అప్పట్నుంచి లైసెన్సు లేకుండా ఇంట్లో కాచేది దొంగ సరుకు అయిపోయింది. కొండల్లో, బురద నేలల్లో దాచిపెట్టి కాచుకోవడం, పన్ను అధికారులు వచ్చి కుండలు పగలగొట్టడం, ఇదే కథ మూడు వందల ఏళ్ళకు పైగా నడిచింది. 1997లో గానీ దాన్ని లైసెన్సుతో తయారుచేసి వాళ్ళ దేశంలోనే అమ్ముకోనివ్వలేదు. 2008లో దానికి యూరప్‌లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ప్రయాణికుల కాఫీలో లైసెన్సు విస్కీ పడుతున్న 1943లో, అదే దేశంలో పేద రైతు కుండలో ఉన్నది నేరం. మన కథ వేరే ఎక్కడా లేదనుకుంటాం గదా, ఉంది.

ఇక మన కొండలకు వద్దాం. గ్లాసులో ఉండే రెండింట్లో మొదటిది కాఫీ. కర్ణాటకలో చిక్కమగళూరు కొండలకు బాబా బుడన్ ఏడు గింజలు తెచ్చాడని చెప్పుకునే కథ అందరికీ తెలిసిందే. మన తెలుగు నేల మీద కాఫీ అంత పాతది కాదు. 1898లో బ్రోడీ అనే ఇంగ్లీషు అధికారి గోదావరి మన్యంలో, మారేడుమిల్లి వైపు పాములేరు లోయలో మొదటిసారి నాటించాడు. అక్కణ్ణుంచి పుల్లంగి, గూడెం వైపు పాకింది. 1920ల్లో అరకు, పాడేరు, చింతపల్లి వైపు పోయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. మనం జీసీసీ అంటాం. రిజర్వు అడవుల్లో అటవీ శాఖ కాఫీ తోటలు పెంచింది. 1985లో ఆ తోటలను అటవీ అభివృద్ధి సంస్థకు అప్పగించారు. ఆ తోటల్లో మన్యం ఆదివాసులు కూలీలు. తర్వాత ఐటీడీఏ ద్వారా పోడు కొండల మీద ఆదివాసీ రైతుల పేరున తోటలు వేయించడం మొదలైంది. పైన సిల్వర్ ఓక్ నీడ, దానికి పాకే మిరియం తీగ, కింద కాఫీ. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ కొట్టే తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మన చంద్రశేఖరపురం వైపు కాఫీ పండదు. పండేది కాదు కూడా, మనకు వానలే సరిగ్గా ఉండవు. మన తండాల్లో, యానాది కాలనీల్లో, చెంచు గూడేల్లో ఎక్కువగా టీ నీళ్ళే. మా హాస్టల్‌కు వచ్చాకే మాలో చాలామందికి కాఫీ అలవాటైంది, అదీ పరీక్షల ముందు రాత్రుళ్ళు. కాబట్టి ‘మా కాఫీ’ అని మనం అనలేం. అది ఉత్తరాన ఉన్న మన అన్నదమ్ముల చెమట. ఈ మొక్క సంగతిలో గమనించాల్సింది ఒకటుంది. దాన్ని కొండ మీదికి తెచ్చింది ప్రభుత్వం. నాటించింది, పెంచమంది, కొంటానంది. మన్యం మనిషి అడక్కుండానే వచ్చిన పంట అది.

రెండోదాన్ని ఎవరూ తేలేదు. అది అడవిలో ఉంది.

ఆ పాములేరు మొక్కకు పంతొమ్మిదేళ్ళ ముందు, అదే గోదావరి మన్యంలో ఏం జరిగిందో మన క్లాసు పుస్తకాల్లో రంప పితూరీ అని రెండు లైన్లు ఉంటాయి. 1879 మార్చి. పోలీసు స్టేషన్ల మీద దాడులు, ముఠాదారుల తిరుగుబాటు, కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య. కారణాల్లో ‘పన్నులు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఆ పన్ను దేనిమీద? కల్లు మీద. మన్యంలో జీలుగు చెట్టు కల్లు తాగడానికే కాదు, తిండి కరువైన నెలల్లో పొట్టకు ఆధారం. ఆ కల్లు మీద మన్సబ్‌దారు వసూలు చేసే దాన్ని చిగురుపన్ను అనేవాళ్ళు. దాని మీద ఇంగ్లీషువాళ్ళ అబ్కారీ నియమాలు వచ్చిపడ్డాయి. లైసెన్సు లేకుండా కల్లు గీయకూడదు, గీసే హక్కు కంట్రాక్టరుకు వేలం. అంటే తన గుమ్మం ముందు చెట్టు దగ్గరికి తానే డబ్బు కట్టి పోవాలి. ఆ మంట భద్రాచలం వైపు, గొలుగొండ వైపు కూడా పాకింది. అణచడానికి ఏడాది దాటింది. మనం దాన్ని భూమి పోరాటం అని చెప్పుకుంటాం, నిజమే. మేము మాత్రం దాన్ని తాగే హక్కు, వండుకునే హక్కు కోసం జరిగిన పోరాటంగా కూడా చదవాలంటున్నాం.

పితూరీ అణిగిపోయాక చట్టాలు వరసగా వచ్చాయి. 1882లో మద్రాసు అటవీ చట్టం. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం. మొదటిది అడవికి కంచె వేసింది, రెండోది కుండకు వేసింది. ఊరూరా ఉన్న చిన్న బట్టీలను మూయించి, పెద్ద డిస్టిలరీల సరుకును వేలంపాట దుకాణాల్లో అమ్మించడం అప్పటి ప్రభుత్వ విధానం. గోదావరి జిల్లాలోనే సామర్లకోటలో ఆ శతాబ్దం చివర పుట్టిన కంపెనీ పేరే చూడండి: దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ. చక్కెర ఒక చేత్తో, సారా ఒక చేత్తో. భూమి శిస్తు తర్వాత మద్రాసు ఖజానాకు పెద్ద రాబడి అబ్కారీ నుంచే. మన అవ్వ కుండలో కాచుకుంటే ఆ ఖజానాకు పైసా రాదు. నేరం అనే మాట అక్కడ మొదలైంది. ఆరోగ్యం, సంసారాలు బాగుపడటం, ఇవన్నీ తర్వాత చేర్చిన మాటలు.

మనవైపు దీనికి ఇంకో ముడి ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఎరుకల అన్నలను, సుగాలీలను, యానాదుల్లో కొందరిని దాని కింద రాశారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1913లో పెట్టింది అందుకే. పుట్టుకతోనే అనుమానితులైన మనుషుల ఇంట్లో ఒక కుండ, ఒక గొట్టం కనబడితే ఇక చెప్పాలా? ఆ చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటినా తండా అంటే సారా అనే చూపు పోలేదు. కాలేజీలో మీది ఏ ఊరు అని అడిగి, తండా పేరు చెప్పగానే ‘అయితే నీకు సరుకు దొరుకుద్దిలే’ అని నవ్విన క్లాస్‌మేట్లు మాలో ప్రతి ఒక్కరికీ ఉన్నారు.

ఇప్ప పువ్వు గురించి కొంచెం చెప్పుకోవాలి, చిన్నవాళ్ళలో చాలామంది చూసి కూడా ఉండరు. నల్లమలలో మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలుతుంది. లేత పసుపు రంగు, కండగల పువ్వు, నోట్లో వేసుకుంటే తీపి. చీకటితోనే పోయి చెట్టు కింద ఊడ్చి ఏరుకోవాలి, ఎండెక్కితే జింకలు, ఎలుగులు మిగల్చవు. ఎండబెడితే నెలల తరబడి నిలువుంటుంది. ఉడికించుకుని తింటారు. కాయలోని గింజ నుంచి నూనె తీస్తారు, కూరకూ దీపానికీ అదే. పువ్వును నానబెట్టి, పులిసిన ఊటను కుండలో కాచి ఆవిరిని చల్లార్చితే సారా. హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు హైదరాబాదు రాజ్యం వైపు చెంచుల మధ్య తిరిగి 1943లో పుస్తకం తెచ్చాడు. చెంచుల తిండిలో, వేడుకల్లో ఇప్ప పువ్వు ఎంత ముఖ్యమో అందులో ఉంది. 1943 అంటే గుర్తుందా, ఫోయిన్స్‌లో ఐరిష్ కాఫీ కలిపిన సంవత్సరమే.

ఇక్కడిదాకా చదివి కొందరు అన్నలు సంతోషపడుతుంటారు, ‘చూశారా, సారా మన సంస్కృతి’ అని. ఆగండి. మాకు ఆ మాటతో సగమే పొత్తు.

ఎందుకంటే మన పక్కనే దూబగుంట ఉంది. 1970లో మన జిల్లా పుట్టకముందు కనిగిరి వైపు ఊళ్ళన్నీ నెల్లూరు జిల్లావే, మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. ఆ నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంట. 1992లో అక్కడి ఆడవాళ్ళు, రోశమ్మ ముందు నిలబడి, సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత క్లాసుల్లో రాత్రిపూట పలక పట్టుకున్న ఆడవాళ్ళు వాళ్ళు. అక్కణ్ణుంచి ఊరూరా పాకి సారా వేలంపాటలనే జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని ఎత్తివేత. ఆ ఆడవాళ్ళు కొట్లాడింది ఇప్ప పువ్వు మీద కాదు. ప్రభుత్వమే పాట పెట్టి, కంట్రాక్టరు ప్యాకెట్లలో ఊళ్ళోకి పంపిన సారా మీద. కూలి డబ్బులు సాయంత్రానికి ఆ ప్యాకెట్‌లోకి పోయేవి. నాటుసారాలో ఇప్పుడు పువ్వు ఎక్కడుంది? నల్లబెల్లం, ఇంకా ఏవేవో. దాన్ని కాచేది పండక్కి కాదు, అమ్మకానికి. ఆ డబ్బుతో మనలో కొందరి హాస్టల్ పెట్టె కొన్నారు, అదే డబ్బుతో కొన్ని ఇళ్ళు పాడయ్యాయి. రెండూ నిజాలే. మన అమ్మలు తిన్న దెబ్బల్ని సంస్కృతి అనే మాట కింద దాచడానికి మేము ఒప్పుకోం.

మద్యం ప్రభుత్వాలకు ఎంత పెద్ద విషయమో మన జిల్లా పేరే చెబుతుంది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం 1954 నవంబరులో మద్య నిషేధం విషయం మీదే, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అప్పుడూ ఇప్పుడూ చర్చ అంతా దుకాణం తెరవాలా మూయాలా అనే. కుండ గురించి ఎవరూ అడగలేదు. 1968 ఎక్సైజ్ చట్టంలోనూ లైసెన్సు లేని బట్టీ నేరమే. దుకాణం తెరిచి ఉన్న ఏళ్ళలోనూ కుండ నేరమే.

బయట మాత్రం గాలి మారింది. గోవాలో జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు, 2016లో వారసత్వ పానీయం హోదా ఇచ్చారు. 2018లో అదే గోవాలో ఇప్ప పువ్వు మద్యం అందమైన సీసాలో అమ్మకానికి వచ్చింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2021లో ఇప్ప సారాను వారసత్వ మద్యంగా ప్రకటించి, ఆదివాసీ స్వయం సహాయక బృందాల చేత చేయిస్తోంది. ఇక ఆ కాక్‌టెయిల్ గ్లాసు ఎంతో దూరం లేదు: అరకు కాఫీ, ఇప్ప సారా, పైన ఒక పువ్వు. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఒక గ్లాసు మన మూడు రోజుల కూలి. మాకు ఆ గ్లాసు మీద కోపం లేదు. దాంట్లో పోసిన రెండూ కొండవే అయినప్పుడు, ఒకదానికి కొండ మనిషి కూలీ, రెండోదానికి ముద్దాయి ఎట్లా అయ్యాడో ఆ మెనూ కార్డు మీద రాయరు. అది మనమే రాసుకోవాలి, అందుకే ఈ పోస్టు.

మధ్యలో ఒక మాట, ఇది తమ్ముళ్ళకు. కాఫీ కలిపితే మత్తు తగ్గుతుందని కొందరు నమ్ముతారు. తగ్గదు. కాఫీ నిద్రమత్తును కప్పుతుంది, రక్తంలో మద్యం అంతే ఉంటుంది. ఎంత తాగామో తెలియక ఇంకా తాగుతారు. 2010లో అమెరికా ప్రభుత్వం కెఫీన్ కలిపిన మద్యం డబ్బాలు అమ్మే కంపెనీలను హెచ్చరించి ఆపించింది కూడా. నురగే కావాలంటే సారా అక్కర్లేదు. మేము హాస్టల్‌లో జీసీసీ కాఫీ పొడితో చిక్కటి డికాషన్ తీసి, చల్లార్చి, రెండు చెంచాల నల్లమల తేనె వేసి, ఐసు ముక్కలతో నీళ్ళ సీసాలో బిగించి గిలక్కొట్టాం. గాలి చిక్కి నురగ బ్రహ్మాండంగా వచ్చింది. తేనె డికాషన్ గోరువెచ్చగా ఉన్నప్పుడే కలపాలి, చల్లారాక అడుగున ముద్దగా కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పానీయాలను నిషేధించాలన్నా, అమ్మకానికి హద్దు పెట్టాలన్నా గ్రామసభకు మాట ఉండాలి. అంటే దూబగుంట ఆడవాళ్ళు రోడ్డెక్కి తెచ్చుకున్నది, గ్రామసభలో చెయ్యెత్తి తెచ్చుకోవచ్చు. పండక్కి ఇంటి కుండను ఉంచి, బయటి దుకాణాన్ని వద్దనీ చెప్పవచ్చు. కానీ ఆ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మన ప్రకాశం లేదు. కృష్ణ అవతల అమ్రాబాద్ వైపు చెంచు పెంటలు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. ఇవతల దోర్నాల, యర్రగొండపాలెం గూడేలు లేవు. అదే నల్లమల, అదే చెంచులు, అదే ఇప్ప చెట్టు. నది దాటితే చట్టం మారిపోతుంది. మన సుగాలి తండాలకు, యానాది, ఎరుకల కాలనీలకు కూడా అంతే. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం షెడ్యూల్డ్ అయినా కాకపోయినా అంతటా చెల్లుతుంది. పువ్వు ఏరుకునే హక్కు, అమ్ముకునే హక్కు దాంట్లో ఉన్నాయి. పులుల అభయారణ్యం పేరు చెప్పి చెట్టు దాకా పోనివ్వకపోతే అడగడానికి ఆ కాగితం ఒక్కటే మన చేతిలో ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంగా గుర్తించమని అడగడం వేరే పని, దాని మీద సీనియర్ అన్నలు ఒక పోస్టు రాస్తే బాగుంటుంది.

ఉగాదికి ఇళ్ళకు పోయేవాళ్ళకు ఒక పని చెబుతున్నాం. ఇప్ప పువ్వు రాలేది అప్పుడే. అవ్వలను, తాతలను అడిగి నోటుబుక్కులో రాసుకుని రండి. పువ్వు ఎట్లా ఎండబెట్టేవాళ్ళు, ఏం వండుకునేవాళ్ళు, నూనె ఏ గానుగలో తీసేవాళ్ళు, సారా ఏ పండక్కి కాచేవాళ్ళు, మొదటి చుక్క ఎవరి పేరున వదిలేవాళ్ళు, ఊళ్ళోకి బెల్లం ఎప్పుడొచ్చింది, మొదటి కేసు ఏ సంవత్సరం పడింది. మండలం పేరు రాయండి చాలు. గూడెం పేరు, మనుషుల పేర్లు వద్దు. ఈ గ్రూపు ఎవరెవరు చదువుతారో చెప్పలేం గదా.